లెనిన్‌గ్రాడులో ఉన్న తల్లుల కోసం

"తేదీ చెప్పండి దీనమ్మ టీచరుగారూ, చెక్కేస్తానండి" అన్నాడు రాయి చెక్కే మేస్త్రీ. నేను చెప్పలేకపోయాను. మా సంఘంలో ఎవరి బాప్తిస్మం ఎప్పుడైంది, ఎవరి పెళ్లి ఏ వారం పడింది, ఎవరు ఏ రోజున కన్నుమూశారు అన్నది తేల్చుకోవాలంటే అందరూ నా దగ్గరికే వస్తారు. రాజోలు దగ్గర ఒక బడిలో ముప్పై ఏళ్లకు పైగా సోషలు పాఠం చెప్పాను. మా పేట శ్మశానంలో సగం రాళ్ల మీద ఉన్న తేదీలు నేను సరిచూసినవే. ఒకరి రాయి మీద నెల తప్పు పడితే, కొడుకులు వద్దులెమ్మంటున్నా వినకుండా చెరిపించి మళ్లీ చెక్కించాను. అలాంటి నేను మా అమ్మ సమాధి పక్కన నిలబడి, తడి సున్నం వాసనలో, మా అక్క రూతమ్మ పేరు కింద ఏం చెక్కాలో తెలియక మేస్త్రీని రేపు రమ్మన్నాను. మా అక్క కూతురు ప్రసన్న సున్నం బక్కెట్టు తీసుకుని ముందు నడిచింది.

ఏటా సమాధుల పండగకు ముందు మేమంతా సమాధులకు సున్నం వేస్తాం. పండగ రోజున బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. కానీ పోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యం. మా సంఘంలో ఆ పద్ధతి లేదు. వాళ్లు బతికిన బతుకు కోసం దేవుడికి స్తోత్రం చెబుతాం, అంతే. ప్రార్థన బతికున్నవాళ్ల కోసమే. ఈ తేడా బయటివాళ్లకు చిన్నదిగా కనబడవచ్చు. మా ఇంట్లో మాత్రం ఒక మనిషి ఉండటమూ లేకపోవడమూ ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

మా అక్క కువైట్ వెళ్లినప్పుడు ప్రసన్నకు మూడేళ్లు. బావ అంతకుముందే వేరే మనిషితో వెళ్లిపోయాడు. నాన్న లేడు. నా బియ్యీడీ చదువు, ప్రసన్న పాలు, ఇంటి మీద పెంకు, అన్నీ అక్క అక్కడ ఒక ఇంట్లో గిన్నెలు తోమి, పిల్లల్ని ఎత్తుకుని పంపినవే. ఎవరైనా వస్తుంటే వాళ్లతో ఒక దుప్పటి, సబ్బులు, చిన్న అత్తరు సీసా పంపేది. ఆ దుప్పటికి ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఒక వాసన ఉండేది. ప్రసన్న ఆ వాసననే అమ్మ అనుకునేది. అది పెట్టె అడుగున వేసే నాఫ్తలీను ఉండల వాసనని నాకు తెలుసు. నేను చెప్పలేదు.

మా పేటలో సముద్రం అవతల ఎక్కడికి వెళ్లినా దుబాయి వెళ్లారనే అనేవారు. మస్కట్ అయినా దుబాయే, కువైట్ అయినా దుబాయే. అక్క పంపిన దుప్పటి దుబాయి దుప్పటి, పెట్టె దుబాయి పెట్టె. అమ్మకు చదువు రాదు. ఉత్తరాల మీద చిరునామా రాసేది నేను, అమ్మకు చెప్పవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అందుకే పంతొమ్మిది వందల తొంభై ఆగస్టు రెండు, గురువారం నాటి వార్త మా ఇంటికి వింతగా వచ్చింది. పక్కింటి సువార్తమ్మగారు రేడియో విని గుండెలు బాదుకుంటూ మా అరుగు మీదికి వచ్చారు. ఆవిడ కూతురు ఎస్తేరు కూడా అక్కడే పనిచేసేది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిందని చెప్పారు. అమ్మ ఆవిడకు మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, మా రూతు దుబాయిలో ఉంది కాబట్టి సరిపోయింది గాని లేకపోతే నేనూ నీలాగే ఏడుద్దును వదినా, అని ఓదార్చింది. సువార్తమ్మగారు ఏడుపు ఆపి అమ్మ ముఖం చూశారు.

"అదేంటి వదినా అలా అంటారు. మీ రూతమ్మా, మా ఎస్తేరూ శుక్రవారం శుక్రవారం ఒకే గుడికి వెళ్తన్నారు కదండీ."

అమ్మ నా వైపు తిరిగింది. నేను లోపలికి వెళ్లి బడి అట్లాసు తెచ్చి అరుగు మీద పరిచాను. ఆ పటంలో కువైట్ చిక్కుడు గింజంత కూడా లేదు. నేను వేలు పెట్టి చూపించాను. అమ్మ తన బొటనవేలు దాని మీద పెట్టింది. దేశం మొత్తం వేలి కింద మాయమైపోయింది. ఆ వేలికి కొబ్బరాకు పసరు ఉంది, పటం మీద మరక పడింది, ఇప్పటికీ ఉంది.

"ఇంతేనా?" అంది.

ఇంతేనన్నాను.

"ఇంత చిన్న ఊళ్లో దాక్కోడానికి చోటెక్కడుంటాదే దీనమ్మా?"

ఆ రోజు నుంచి మా అరుగు మీద సాయంత్రాలు మారిపోయాయి. అప్పటికే పేట ఆడవాళ్లు పొద్దువాలాక మా ఇంటి ముందు చేరి కొబ్బరి మట్టల నుంచి ఈనెలు చీరేవారు. రాజోలు సంతకు చీపుళ్లు కట్టి పంపేవారు. చిన్న కత్తులతో ఆకును ఈనె నుంచి ఒక్క గీతలో లాగేస్తుంటే వచ్చే సర్రుమనే చప్పుడు, పచ్చి ఆకు వాసన, లోపల పొయ్యి మీద ఎండుచేపల పులుసు వాసన, ఇవి కలిసిందే నా యౌవనం అనుకోవచ్చు. మామూలు రోజుల్లో ఆ మాటల్లో నేను కలిసేదాన్ని కాదు. ఒక మూల కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకునేదాన్ని. ఇప్పుడు అందరూ నా వైపు తిరిగి కూర్చున్నారు. యుద్ధాలు ఎన్నాళ్లుంటాయి, ఊరు పట్టుకున్నవాళ్లు లోపలి జనాన్ని ఏం చేస్తారు, ఎవరన్నా తిరిగొచ్చారా అని అడిగారు. నేను చదివింది చరిత్రే కదా, నాకు తెలిసి ఉండాలి అని వాళ్ల నమ్మకం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. నాకూ ఆ నమ్మకం ఉండేది.

డిగ్రీ నోట్సులు, బడి లైబ్రరీలో ఉన్న లావుపాటి ప్రపంచ చరిత్ర, అన్నీ తిరగేశాను. అలెగ్జాండరు తూరు పట్టణాన్ని ముట్టడించిన సంగతి, నెపోలియన్ మాస్కో చేరేసరికి ఊరు ఖాళీ అయిపోయిన సంగతి, యెరూషలేము, పారిస్, లెనిన్‌గ్రాడ్. ఏది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో నాకు నోటికి వచ్చు. కానీ అమ్మ అడిగే ప్రశ్నలు వేరు. "వాళ్లు నీళ్లెక్కడ తెచ్చుకున్నారు?" అనేది. "ఆడపిల్లల్ని ఎక్కడ దాచేరు? బాలింతలేం తిన్నారు?" నా పుస్తకాల్లో సేనాపతుల పేర్లున్నాయి, ఒప్పందాల తేదీలున్నాయి. నీళ్లెవరు మోశారో లేదు. వెతకగా వెతకగా లెనిన్‌గ్రాడు దగ్గర ఒక పేరా దొరికింది. గడ్డకట్టిన నదికి కన్నం పెట్టి ఆడవాళ్లు నీళ్లు తోడి, పిల్లలు మంచులో ఆడుకునే జారుడు బళ్ల మీద ఇళ్లకు లాక్కెళ్లారని, వడ్రంగుల జిగురు ఉడకబెట్టుకుని తాగారని, రెండేళ్లకు పైగా అలాగే బతికారని. అది చదివి వినిపించినప్పుడు కత్తుల చప్పుడు ఆగిపోయింది. మర్నాడు పారిస్ సంగతి చెప్పాను. ముట్టడిలో ఉన్నవాళ్లు పెద్ద గాలిబుడగల్లో ఉత్తరాలు బయటికి పంపారంటే సువార్తమ్మగారు ఆ ఏడుపులోనే నవ్వారు. "మన పోస్టుమేను సైకిలు మీదే తేలేకపోతన్నాడు, ఇక బుడగెక్కించండి" అన్నారు. ఆ నవ్వు చాలా రోజుల తరవాత విన్న నవ్వు.

ఒకటి మాత్రం చెప్పలేదు. ఆ ఇరాక్‌లోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో, కూత్ అనే ఊళ్లో చిక్కుకున్న ఇంగ్లీషువాళ్ల సైన్యంలో మన దేశపు సిపాయిలు వేలల్లో ఉన్నారు. ఆకలికి లొంగిపోయి, ఎడారిలో నడిపించబడి, చాలామంది తిరిగి రాలేదు. ఆ పేజీ మూసి పుస్తకం బడిలో ఇచ్చేశాను. ఆ ఆడవాళ్లకు బతికి బయటపడినవాళ్ల కథలే కావాలి. నేను బతికినవే ఏరి ఏరి తీసుకెళ్లేదాన్ని.

మా ఇంట్లో రాత్రి అన్నాలకు ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. చాప పరిచి, చిమ్నీ కొంచెం తగ్గించి, అమ్మ చేసేది. ఆ నెలలోనే ఒకనాడు అమ్మ ప్రార్థన మధ్యలో కొత్త మాటలు విన్నాను. "ప్రభువా, లెనిన్‌గ్రాడులో నీళ్లు మోసుకుంటున్న తల్లుల్ని జ్ఞాపకం చేసుకో. పారిసులో ఉన్నవాళ్లని జ్ఞాపకం చేసుకో. కువైట్‌లో ఉన్న మా రూతుని జ్ఞాపకం చేసుకో. యెరూషలేము గోడల్లో చిక్కడిపోయినవాళ్లని జ్ఞాపకం చేసుకో." ఆ ఊళ్ల పేర్లు అమ్మ నోట్లో మా పక్క ఊళ్ల పేర్లలా ఉన్నాయి. ఆమేన్ అన్నాక నేనుండబట్టలేకపోయాను. లెనిన్‌గ్రాడు ముట్టడి తీరిపోయి యాభై ఏళ్లు కావస్తోందని, పారిస్‌ది నూట ఇరవై ఏళ్ల కిందటిదని, యెరూషలేముది మరీ పాతదని, వాళ్లెవరూ ఇప్పుడు లేరని చెప్పాను. అమ్మ అన్నం వడ్డిస్తూ విన్నది. మర్నాడూ అదే ప్రార్థన చేసింది. మళ్లీ చెప్పాను. మూడోసారి నాకు కోపం వచ్చింది. ఇంగ్లీషు, తెలుగు నెలలతో సహా చెప్పాను. అమ్మ నా కంచంలో ఇంకొంచెం పులుసు వేసింది.

సంగతి మా అయ్యగారి దాకా వెళ్లింది. పాస్టరుగారిని మేం అయ్యగారంటాం. ఆయన మెత్తని మనిషి. ఒక సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడం మన పద్ధతి కాదమ్మా అని నెమ్మదిగా చెప్పారు. అమ్మ నిలబడే ఉంది. ఆయన ముందు ఎప్పుడూ కూర్చునేది కాదు.

"ఆయ్, తెలుసండి అయ్యగారూ" అంది. "అందులో ఎవరు పోయేరో, ఎవరున్నారో నాకు తెలీదండి. అందుకని అందర్నీ కలిపేసేనండి. ఒకళ్లని తీసెయ్యమంటే ఎవర్ని తియ్యాలో ఆయనకే వదిలేసేను."

అయ్యగారు కప్పు కింద పెట్టి, మంచిదమ్మా అని లేచారు. నాకప్పుడు కూడా పూర్తిగా అర్థం కాలేదు. అమ్మకు తేదీలు తెలియవని అనుకున్నాను. వందల వేల మంది మధ్యలో, మూడో స్థానంలో, తన బిడ్డ పేరును అమ్మ దాచిందని, ఇంత చిన్న ఊళ్లో దొరకని చోటును అక్కడ చేసిపెట్టిందని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఆగస్టు సగం దాటాక మనవాళ్లు రావడం మొదలైంది. కువైట్ నుంచి బాగ్దాదు, అక్కడి నుంచి ఎడారి దాటి అమ్మాను, అక్కడి నుంచి విమానాల్లో బొంబాయి. లక్షమందికి పైగా అలా వచ్చారు. ఈ సంగతి మీద ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో రెండు వాక్యాలు కూడా ఉండవు. బొంబాయి రైళ్లు వచ్చే వేళకు నేను రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి స్టేషన్‌కు వెళ్లేదాన్ని. సెలవులన్నీ అయిపోయాయి, జీతం కోసుకోమన్నాను. దిగే ప్రతి ఆడమనిషి ముఖమూ చూసేదాన్ని. ఎండకు కమిలి, పెదవులు పగిలి, అందరూ ఒక్కలాగే ఉండేవారు. ఒక్కోసారి ఒకావిడ వెనక పరిగెత్తి భుజం పట్టుకుని తిప్పేదాన్ని. ఒకరోజు అలా తిప్పితే ఎస్తేరు. నన్ను పట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయింది. నేను దాని భుజం మీదుగా రైలు తలుపు వైపే చూస్తున్నాను. ఇంకెవరూ దిగలేదు.

ఎస్తేరు చెప్పింది ఇంతే. అక్కను ఆఖరుసారి చూసింది యుద్ధానికి ముందటి శుక్రవారం, గుడిలో. వచ్చేవారం ప్రసన్నకు గౌను కొనడానికి కలిసి బజారుకు వెళదామనుకున్నారు. సైన్యం వచ్చాక అక్క పనిచేసే ఇల్లు వెతుక్కుంటూ ఎస్తేరు వెళ్లింది. గేటుకు తాళం. పక్కింటివాళ్లు, ఆ కుటుంబం మొదటి రోజుల్లోనే కారెక్కి దక్షిణంగా ఎడారిలోకి వెళ్లిపోయిందన్నారు. పనిమనిషిని తీసుకెళ్లారా అంటే ఎవరికీ గుర్తులేదు. అంత తొందరలో పనిమనిషిని ఎవరు చూస్తారు. ఎస్తేరు ఇది చెబుతూ వెక్కివెక్కి ఏడ్చింది, తను రావడమే తప్పన్నట్టు. అమ్మ దాని తల నిమిరి, ఒకటే అడిగింది.

"దాని కాళ్లకి చెప్పులున్నాయా?"

ఎస్తేరుకు తెలియదు. ఆ తరవాత చాలాకాలం అమ్మ ఎండలో చెప్పుల్లేకుండా నడిచింది. నేను కొనిచ్చినవి చూరులో దోపి ఉంచేది.

యుద్ధం ముగిసింది. కువైట్ మళ్లీ కువైట్ అయింది. నేను ఢిల్లీకి, హైదరాబాదుకు, ఆ దేశంలో మనవాళ్ల ఆఫీసుకు రాశాను. ఆచూకీ తెలియలేదని, తెలిస్తే తెలియజేస్తామని జవాబులు వచ్చాయి. చనిపోయినవాళ్ల జాబితాలో లేదు. వచ్చినవాళ్ల జాబితాలో లేదు. అక్కడే ఉండిపోయినవాళ్ల జాబితా అంటూ ఎవరి దగ్గరా లేదు. పేటలోంచి మళ్లీ అమ్మాయిలు విమానాలెక్కారు, ఎస్తేరు కూడా ఎక్కింది. వెళ్లే ప్రతి పిల్ల చేతికీ అమ్మ ఎండురొయ్యల పొట్లం ఇచ్చి, కనబడితే ఇమ్మనేది. ఎన్ని పొట్లాలు ఎడారిలో ఎవరు తిన్నారో.

ప్రసన్న ఆ ప్రార్థన వింటూ పెరిగింది. అమ్మ పక్కన మోకరించి ఊళ్ల పేర్లు తనూ పలికేది. ఏడో తరగతిలో నా దగ్గరే చదివింది. పరీక్షలో లెనిన్‌గ్రాడు గురించి అడిగితే, ముట్టడి ఇంకా జరుగుతోందని, ఆడవాళ్లు నీళ్లు మోస్తున్నారని రాసింది. నేను మార్కులు కోశాను. ఇంటికి వచ్చాక, మరి అమ్మమ్మ రోజూ చెబుతాంది కదా పిన్నీ, అంది. పరీక్షలో నేను చెప్పింది రాయాలి, ఇంట్లో అమ్మమ్మ చెప్పింది వినాలి అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

రెండువేల మూడులో టీవీలో మళ్లీ ఇరాక్ వచ్చింది. ఈసారి బాంబులు పడుతుండగానే మా హాల్లో కూర్చుని చూడొచ్చు. దిండి దగ్గర గోదావరి మీద అప్పటికే వంతెన వచ్చేసింది, పంటు మీద దాటడం పోయింది, అందరూ లోకం దగ్గరైపోయిందని మురిసిపోతున్నారు. అమ్మ టీవీకి బాగా దగ్గరగా జరిగి, తెర మీద పరిగెత్తే ప్రతి ఆడమనిషి కాళ్లూ చూసేది. ఆ రాత్రి ప్రార్థన చివర బాగ్దాదు చేరింది. కొన్నేళ్లకు పక్షవాతం వచ్చి అమ్మకు మాట తడబడింది. చాలా మాటలు పోయాయి, నా పేరు కూడా పోయింది. ఆ ఊళ్ల పేర్లు మాత్రం వరస తప్పకుండా వచ్చేవి. ఊళ్ల పేర్లు చెబుతూనే పోయింది.

అమ్మ తరవాత ఇంట్లో ప్రార్థన నాది. నేను లెనిన్‌గ్రాడు తీసేశాను, పారిస్ తీసేశాను, మిగతా ఊళ్లూ తీసేశాను. అవి తప్పులు, తప్పని తెలిసి పలకడం నాకు చేతకాదు. అక్క పేరు ఒక్కటే మిగిలింది. చుట్టూ జనం లేకపోయేసరికి ఆ పేరు ఒంటరిగా వినబడేది, నా చెవులకే. క్రమంగా చిన్నగా అనేదాన్ని, ఆ తరవాత పెదవులతో, ఆ తరవాత లోపల. కానీ మానలేదు.

ప్రసన్నకు ఇప్పుడు తన తల్లి వెళ్లినప్పటి వయసు దాటి చాలా ఏళ్లయింది. కాకినాడలో నర్సు. ఈసారి పండక్కి వస్తూనే రాయి సంగతి ఎత్తింది. అమ్మమ్మ రాయి మీద సగం చోటు ఖాళీగా ఉంది, అమ్మ పేరు అక్కడ వేయిద్దాం అంది. శ్మశానం నుంచి వచ్చాక పెరట్లో చేతులు కడుక్కుంటూ నాతో అంది: "ఆగస్టు రెండు వేయించు పిన్నీ. చరిత్రలో ఉన్న తేదీయే కదా."

"అది యుద్ధం తేదీ. మీ అమ్మది కాదు."

"మరి మా అమ్మది ఏది? నువ్వు చెప్పు. అందరివీ చెప్తావు." సున్నం చేతులు అలాగే పట్టుకుని నిలబడింది. "నేను ఆస్పత్రిలో రోజూ ఎవరో ఒకళ్లకి చెప్తాను పిన్నీ, ఇంక లేరండి అని. వాళ్లు ఏడుస్తారు, తీసుకెళ్తారు, మట్టేస్తారు. నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకళ్లు చెప్పాలి కదా. ఎక్కడో ఒక చోట అమ్మకి పువ్వు పెట్టాలి కదా నేను."

చెంబుతో దాని చేతుల మీద నీళ్లు పోశాను. దాని మాటలో తప్పు లేదు. తేదీ చెక్కితే బిడ్డకు తల్లి సమాధి దొరుకుతుంది. చెక్కిన రోజు నుంచి నేను ప్రార్థన ఆపాలి. మా అమ్మ నాలుగు దేశాల జనాన్ని అడ్డం పెట్టి కాపాడినదాన్ని, ఇన్ని తేదీలు తెలిసిన నేను నా నోటితో తీసెయ్యాలి.

రాత్రి అన్నాలకు ముందు చాప పరిచాను. కరెంటు దీపమే, చిమ్నీ లేదు. ఈ పూట నేను చేస్తాను పిన్నీ, అంది ప్రసన్న. పిల్లలు, మొగుడు, పేట, అనారోగ్యంతో ఉన్నవాళ్లు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లు, అందరినీ వరసగా అప్పగించింది. తల్లి పేరు రాలేదు. అమ్మమ్మ బతుకు కోసం నీకు స్తోత్రం అంది, కొంచెం ఆగింది, అయినా రాలేదు. ఆమేన్ అంది. మా ఇంట్లో ప్రార్థన చేసినవాళ్లు ఒక్కరే ఆమేన్ అంటే సరిపోదు, విన్నవాళ్లూ అంటేనే అయినట్టు. అది నా ఆమేన్ కోసం ఆగింది. నేను నోరు తెరిచాను.

"లెనిన్‌గ్రాడులో నీళ్లు మోసుకుంటున్న తల్లుల్ని జ్ఞాపకం చేసుకో" అన్నాను.

ప్రసన్న కళ్లు తెరిచిందేమో నాకు తెలియదు. నావి మూసే ఉన్నాయి. కాసేపటికి పక్క నుంచి, చిన్నప్పటి గొంతుతో, "పారిసులో ఉన్నవాళ్లని జ్ఞాపకం చేసుకో" అంది. ఆ తరవాతది మూడోది, అక్క పేరు. నేనంటానని అది ఆగింది, అదంటుందని నేనాగాను. వంటింట్లో పులుసు చల్లారిపోతోంది, పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. ఇద్దరం మోకాళ్ల మీదే ఉన్నాం. ఆమేన్ ఇంకా నేను అనలేదు.